ఆరు పేజీల్లో పట్టని గోడ

ఎనభైల నడిమిట్ల నేను బొంబాయి నాగ్‌పాడాల ఒక టైపింగ్ దుకాణంల పని చేసేదాన్ని. మూడు మిషన్లుండె. రెండు మామూలువి, ఒకటి కరెంటుది. కరెంటుది నాది. నాది అంటే కొన్నది సేఠే గాని, దాని మీద ఇంకెవలన్న చెయ్యి పెడితే నేను ఊకుంటనా? కోర్టు కాగితాలు, నౌకరీ దరఖాస్తులు, కాలేజీ పిల్లల థీసిస్‌లు, ఏవి వచ్చినా ముంగట నా బల్ల మీదికే వచ్చేవి. తప్పు కొట్టని పిల్ల అని నాకు పేరు. ఆ పేరు చూసుకొని నాకు మస్తు పొగరుండె, అబద్ధమెందుకు చెప్పాలె.

ఒక ఆగస్టుల ఒక లెక్చరర్ సారు వచ్చిండు. ఇంజనీరింగ్ కాలేజీల పాఠాలు చెప్తడు, దాంతో పాటు పీహెచ్‌డీ చేస్తున్నడు. చంకల పొడుగు కవరు, వానకు తడవకుండ దాని మీద ప్లాస్టిక్ సంచి. తాను తడిసి ముద్దయిండు గాని కవరు మీద చుక్క పడనియ్యలే. అండ్లకెల్లి ఎనిమిది కాగితాలు తీసి, ముట్టుకునే ముంగట చేతులు తుడుసుకోమని నాకు సైగ చేసిండు. నా చేతులు ఎప్పుడన్న మురికిగుంటయా? అయినా తుడుసుకున్న.

అవి మామూలు కాగితాలు కావు. మందంగ, పెద్దగ ఉన్నయి. నాలుగు దిక్కుల సన్నటి నీలి గీత, నడుమ ఇంకో గీత. ఢిల్లీల ఒక కాన్ఫరెన్సు జరుగుతదట. దానికి పంపే పేపర్ ఈ కాగితాల మీదనే, ఈ గీతల లోపలనే, రెండు నిలువు వరుసలల్ల కొట్టాలెనట. కొట్టిందాన్ని ఫోటో తీసి, చిన్నగ చేసి, అట్లనే పుస్తకంల అచ్చేస్తరు. నీలి గీత ఫోటోల పడదు. మనం కొట్టిన అక్షరమే అచ్చు. నడుమ దిద్దెటోడు ఎవడుండడు. కాగితాలతోని నియమాల పట్టీ గూడ వచ్చింది. గీత దాటితే వాపస్. తెల్ల మందు పూసి దిద్దినట్టు కనబడితే వాపస్. ఆరు పేజీల మీద ఒక్క లైను ఎక్కువైనా వాపస్. ఆరు పేజీలకు ఎనిమిది కాగితాలు పంపిండ్రు. అంటే రెండు సార్లు తప్పు చెయ్యొచ్చు, మూడోసారి లేదు.

"చూడమ్మా," అన్నడు సారు, "రేపు సాయంత్రం మా ప్రొఫెసర్ గారు ఢిల్లీ వెళ్తున్నారు. ఆయన చేతికి ఇచ్చేయాలి. పోస్టులో వేస్తే గడువు దాటిపోతుంది. ఇది తప్పిందంటే నా పీహెచ్‌డీ ఇంకో రెండేళ్లు వెనక్కి పోయినట్టే."

"మీరు నా నెత్తి మీద నిలవడకుంటే అయిపోతది సార్," అన్న.

ఆయనది గోదావరి దిక్కు. నా మాట విని నవ్విండు. "అదేం తెలుగమ్మా, సగం మరాఠీ వినిపిస్తోంది!"

"మా తెలుగు మాకు సరిపోతది సార్. మీ పేపరైతే ఇంగ్లీషులనే ఉన్నది కద."

మళ్లీ నవ్విండు. మంచోడే. ఇప్పటికీ మంచోడనే అంట. అదే నాకు మింగుడు పడది.

ఆయన పోయినంక చేతిరాత కాగితాలు ముంగటేసుకొని పేపర్ పేరు చదివిన. బొంబాయి పాత చాలీల సున్నం గోడలు, వానకాలంల వాటి కదలిక. ఈ సారు ఎవరో నాకు అప్పుడు తెలిసింది. ఆయనకు మాత్రం నేనెవరో తెల్వదు.

మేముండేది కామాటిపురల, ఒక చాలీ రెండో మాళా మీద, అంటే వరుస గదుల ఇంటి రెండో అంతస్తుల. పాలమూరు నుంచి వచ్చిన మా తాతలే ఆ ఇల్లు కట్టిండ్రు. సున్నం దంచింది వాళ్లే, ఇటుక మోసింది వాళ్లే, కట్టినంక కిరాయికి ఉన్నదీ వాళ్లే. మా నాయిన గూడ మిస్త్రీ. మా చాలీల సగం మంది మొగోళ్లు ఇదే పని. గందుకనే మా దగ్గర ఒక పద్ధతుండె. గోడకు పగులొస్తే బయటోడి కంట్ల పడనియ్యరు. మిస్త్రీ ఇంటి గోడ పర్రె వాసిందంటే ఇజ్జత్ పోయినట్టే. పగులు కనబడిన దినమే సున్నమో సిమెంటో కలుపుకొని, పాత పూతతోని కలిసిపొయ్యేటట్టు మూసేసేది. ఎంత బాగ మూసేదంటే, ఏడ మూసిండ్రో మూసినోళ్లకే నాలుగు దినాలకు యాదికుండేది కాదు. అది మాకు గొప్ప. లోపల గోడ ఏమైతున్నదో ఎవలు అడగాలె?

హోళీ అయినంక ఈ సారు మా చాలీకి వచ్చిపోయిండు. అప్పుడు నేను పనిల ఉన్న. కొత్తగ కనబడ్డ పగులు మీద అడ్డంగ, వేలెడు వెడల్పు పల్చటి అద్దం ముక్క పెట్టి, రెండు కొసలు సిమెంటుతోని అతికి, పక్కన నల్ల సిరాతోని తారీఖు రాసిండట. గోడ కదిలితే అద్దం పలుగుతది. కదలకుంటే ఉంటది. గంతే. మా చాలీల ఒక్కటే పెట్టిండు. అది మా ఒక్క గది ఖోలీకి రెండు తలుపులవతల, మూల ఖోలీల, పొయ్యి ఎన్క.

ఆ మూల ఖోలీ పెద్దమ్మది. రక్తసంబంధం ఏం లేదు. వాళ్లాయన, మా నాయిన ఒక్క సైటు మీద పని చేసినోళ్లు, అన్నదమ్ముల లెక్క. వాళ్లాయన పోయిండు, పిల్లలు లేరు. నాకు ఏడేండ్లప్పుడు మా అమ్మ పోయింది. అప్పటి సంది నాకు జొన్నరొట్టె చేసి పెట్టింది, జడ ఏసింది, జరమొస్తే పక్కన కూసుంది పెద్దమ్మనే. నోరు పెద్దది. నా నోరు ఆమె దగ్గర నేర్సిందే.

జూన్‌ల మొదటి వాన పడ్డ వారంల పెద్దమ్మ పొద్దుగాల్నే మా తలుపు కొట్టింది. "మర్దీ, జర రా. సారు పెట్టిన అద్దం పలిగింది. నేనైతే ముట్టలే, నా మీద ఒట్టు."

నాయిన ఆమె ఖోలీకి పొయ్యి చూసిండు. నేను గూడ ఎంబడి పోయిన. అద్దం నడిమికి, వెంట్రుక లెక్క సన్నగ విరిగింది. నాయిన మెటికెలతోని గోడను టకటక కొట్టిండు. "ఏం కాదు వదినా. పొయ్యి సెగకు పలిగింది," అన్నడు.

ఖోలీకి వచ్చినంక నాతోని వేరే మాట చెప్పిండు. అద్దం పలిగిందని సారు ఇండ్ల మరమ్మతుల ఆఫీసుకు రాస్తే, ఇల్లు ప్రమాదమని వాళ్లు నోటీసు అతికిస్తరు. పోలీసోళ్లు వచ్చి సామాన్లు గల్లీల పడేస్తరు. ఊరవతల ఉప్పుమళ్ల దిక్కు ట్రాన్సిట్ క్యాంపు రేకుల షెడ్లకు తోలుతరు. పక్క గల్లీ నుంచి అట్ల పోయినోళ్లు మళ్లీ వచ్చింది లేదు. పని ఇక్కడ, మనుషులిక్కడ, ఆడికి పొయ్యి ఏం జెయ్యాలె? నాయిన చెప్పింది నాకు పక్కా న్యాయమనిపించింది. ఇప్పుడు గూడ అండ్ల సగం న్యాయమే అనిపిస్తది.

ఆదివారం మధ్యాహ్నం నాయిన అద్దాల దుకాణంల అదే మందం ముక్క కోయించుకొచ్చిండు. పాతది ఊడబీకి కొత్తది పెట్టిండు. సిమెంటు కొత్తగ కనబడొద్దని దాంట్ల చాయ నీళ్లు, పొయ్యి మసి కలిపిండు. తారీఖు రాసేది నా వంతు. నాయినకు సదువు రాదు. సారు ఏడు అంకెకు నడుమ చిన్న గీత పెడ్తడు. నేను గూడ పెట్టిన. వేరే ఎవలన్న చేస్తే దొరికిపోతుండె. మిస్త్రీ చెయ్యి, టైపిస్టు కన్ను కలిసినయి గనుక దొరకలే. సారు జులైల వచ్చి, భూతద్దం పెట్టి మరీ చూసి, కదలిక లేదని రాసుకొని పోయిండట. ఆ సాయంత్రం నాయిన జిలేబీ తెచ్చిండు. ముగ్గురం కూసొని నవ్వుకుంట తిన్నం.

గిప్పుడు ఆ సారు పేపరే నా బల్ల మీద ఉన్నది.

మూడు పేజీలు చక్కగ నడిచినయి. నాలుగో పేజీల పట్టిక. పద్నాలుగు ఇండ్లు, పేర్లు లేవు, నంబర్లే. తొమ్మిదో నంబర్ దగ్గర నా వేళ్లు ఆగినయి. కామాటిపుర, సున్నం గోడ, రెండో మాళా, వంట పొయ్యి వెనుక పగులు. అద్దం పెట్టిన తారీఖు, నా చేతితో రాసిన తారీఖే. కదలిక: సున్న. మిగిలిన అన్ని ఇండ్ల ముంగట అంకెలున్నయి, మా ఇంటికే సున్న. చేతిరాతల ఆఖరి పేజీ తిప్పి చూసిన. ఆఖరి పేరాల సారు మా ఇంటి గురించి ప్రత్యేకం రాసిండు. అన్నిట్ల పాతది ఇదేనట. అయినా వానకు కొంచెం గూడ కదలలేదట. ఇసొంటి గోడలకు టేకులు, అంటే ఆనించే దుంగలు, అక్కర లేదట. ప్రమాదపు పట్టీ నుంచి ఇసొంటివి తీసెయ్యొచ్చట. పేపరంత ఆ సున్న మీదనే నిలవడ్డది.

చెయ్యి మిషన్ మీద పెట్టుకొని కూసున్న. అప్పటి దాక పట్టించుకోని ముచ్చట్లు ఒక్కొక్కటే యాదికొచ్చినయి. పెద్దమ్మ తలుపు ఎన్నేండ్ల సందో సరిగ పడేది కాదు, కాలుతోని తన్ని ఏసుకునేది. ఈ వానకాలం మొదలైనంక దానంతటదే మూసుకుంటున్నది. దర్వాజ చౌకట్ ఒరిగితే తప్ప తలుపు అట్ల మూసుకోదు. మిస్త్రీ బిడ్డను, నాకు తెల్వదా? బియ్యం డబ్బాల రోజూ సున్నపు పొడి రాలుతున్నదని పెద్దమ్మ చెప్తనే ఉన్నది. మధ్యాహ్నం పూట గోడ లోపల ఏదో గీకినట్టు చప్పుడైతున్నదని, ఎలుకలేమో అని, ఎలుకల మందు గూడ తెప్పించుకున్నది. ఎలుకలు చచ్చింది ఎవలూ చూడలే.

సున్న కొట్టిన. కాగితం ఖరాబు చెయ్యలేక కొట్టిన. లైను ముగించిన, పేజీ ముగించిన. ఆ పూట డబ్బా విప్పి రొట్టె తుంచిన గాని నోట్లకు పోలే.

తెల్లారి సారు వచ్చేసరికి ఆరో పేజీ మిషన్ల ఉన్నది. నాలుగు లైన్లు నీలి గీత కిందికి దిగుతున్నయి. సారు తల పట్టుకున్నడు. ఏ వాక్యం తీసినా మెడ కోసుకున్నట్టే ఉన్నదని బల్ల చుట్టు తిరిగిండు. నేను ఇగ ఆగలేకపోయిన.

"సార్, తొమ్మిదో ఇల్లు మాది."

"అలాగా! నిన్ననే చెప్పొచ్చుగా! మీ ఇల్లే నా పేపర్‌కి ప్రాణం."

"పొయ్యి ఎన్క అద్దం మీరు పెట్టింది కాదు సార్."

ఆయనకు అర్థం కాలే. మొత్తం చెప్పిన. జూన్‌ల పలగడం, కొత్త అద్దం, చాయ నీళ్లు, ఏడు అంకె నడుమ గీత, అన్నీ. రాసింది నేనే అని గూడ చెప్పిన. సారు స్టూలు మీద కూలబడ్డడు.

"ఎందుకు చేశారమ్మా ఇలా?"

"ఇల్లు పోతదని."

"మరి ఇప్పుడెందుకు చెప్తున్నావు?"

"ఇల్లు పడ్తదని."

సారు గడియారం చూసుకున్నడు. జేబుల నుంచి పెన్సిల్ తీసి, చేతిరాత కాగితంల తొమ్మిదో లైను మీద అడ్డంగ గీత కొట్టిండు. ఎన్క పేజీ తిప్పి ఆఖరి పేరా మీద గూడ కొట్టిండు. "పాడైన కొలత పేపర్లో ఉండకూడదు. తీసెయ్. పద్నాలుగు కాదు, పదమూడు. నంబర్లు మార్చు."

"మరి ఇల్లు?"

"ముందు ఇది పంపనియ్యమ్మా. ఇంటి సంగతి ఆఫీసువాళ్లకి విడిగా రాస్తాను."

"సార్, మీరు తీసేస్తే మా ఇల్లు మంచిదీ కాదు, చెడ్డదీ కాదు. లేనట్టే కద!"

"నన్నేం చేయమంటావు?" అని గట్టిగ అరిచిండు. వెంటనే గొంతు తగ్గించిండు. "కూలుతుందని రాయడానికి నా దగ్గర కొలత లేదు. నిలుస్తుందని రాయడానికీ లేదు. ఉన్న ఒక్క కొలతా మీరే చెరిపేశారు."

కోపంతోని చెవులు కాలిపోతున్నయి. ఆయన మీదనా, నాయిన మీదనా, నా మీదనా, తెల్వలే. మిగిలిన రెండు కాగితాలు తీసి నాలుగు, ఆరు పేజీలు మళ్లీ కొట్టిన. పేరా పోయిందాంతోని నాలుగు లైన్లు లోపలికొచ్చినయి, ఇంకా జర జాగ మిగిలింది గూడ. సారు నీలి గీత మీద వేలు పెట్టి చూసి, "అమ్మయ్య, సరిపోయింది," అన్నడు. ఒక్క తప్పు లేదు. అంత సాఫ్‌గ నేను మళ్లెప్పుడు కొట్టలే. మిషన్లకెల్లి కాగితం తీస్తుంటే, సిగ్గు లేని దాన్ని, నాకు గర్వమైంది.

ఆ సాయంత్రం నాయినకు చెప్పిన. "నీ నోట్ల మన్ను పడ!" అని లేచిండు. "నా చేతి పనిని బయటోడి ముంగట విప్పి పెట్టినవా? దొంగను చేసినవా నన్ను?" చెయ్యెత్తిండు గాని కొట్టలే. నేను నోరు మూసుకునే దాన్ని కాదు. "తలుపెందుకు మూసుకుంటున్నది నాయిన? నువ్వు చెప్పు, మిస్త్రీవి కద!" అని నేను గూడ అరిచిన. నాయిన చెప్పు గూడ ఏసుకోకుండ పెద్దమ్మ ఖోలీకి పోయిండు. గోడను కింది నుంచి మీదికి మెటికెలతోని కొట్టుకుంట పోయిండు. నడుము ఎత్తు కాడ చప్పుడు మారింది. బోలుగ వచ్చింది. ఆడనే చెయ్యి పెట్టుకొని నిలవడ్డడు. పెద్దమ్మ, "ఏమైంది మర్దీ?" అని అడుగుతుండంగనే వచ్చేసిండు. ఆ పొద్దు అన్నం ముట్టలే.

మరుసటి దినం నుంచి ఇండ్ల మరమ్మతుల ఆఫీసుకు తిరుగుడు మొదలుపెట్టిండు. ఆ సారు కొలతల రిపోర్టు ఇంకా రాలేదు పో, అని మూడు సార్లు పంపిండ్రు. నాలుగోసారి నేను గూడ పోయిన. రిపోర్టు వచ్చింది. ఆఫీసరు ఫైలు విప్పి ఒక జిరాక్సు కాగితం బల్ల మీద పెట్టిండు. అది నేను కొట్టిన నాలుగో పేజీ. నా అక్షరాలే, నా వరుసలే, నీలి గీత మాత్రం లేదు. ఆఫీసరు వేలు పై నుంచి కిందికి జరుపుకుంట పోయిండు. పదమూడు ఇండ్లు.

"మీ ఇల్లు ఇండ్ల లేదు కదా," అన్నడు హిందీల.

నాయిన చేతులు కట్టుకొని చెప్పిండు. అద్దం మార్చింది నేనే సాబ్, తప్పు నాదే, రాసుకోండి, కేసు పెట్టండి, గోడకు మాత్రం టేకులు పెట్టించండి. మా నాయిన ఎవల ముంగట చేతులు కట్టుకోంగ నేను అంతకుముందు చూడలే. ఆఫీసరు నవ్విండు. "మిస్త్రీవి. సర్కారు దుంగలు ఉట్టిగ వస్తయని కథ బాగనే అల్లినవ్. ఇంత సాఫ్‌గ అద్దం మారిస్తే ఆ సారుకు తెలుస్తుండె కదా?" సారు విడిగ రాస్తనన్న ఉత్తరం ఏది సాబ్ అని నేనడిగిన. ఫైల్ల అసొంటిది లేదన్నడు. సారు రాసిండో, రాసింది ఏడ పోయిందో, నాకు ఇప్పటికీ తెల్వదు.

ఇగ నాయినే సైటు నుంచి దుంగలు తెచ్చి, తన జోడీగాళ్లను పిలిచి, కింది గోదాము నుంచి రెండో మాళా దాక టేకులు పెట్టిండు. చాలీల అందరికి తన నోటితోనే ఉన్నదున్నట్టు చెప్పిండు. లొల్లి లొల్లి అయింది. "మంచిగుందన్నది నువ్వే, మంచిగ లేదన్నది నువ్వే, ఏది నమ్మాలె?" అని తిట్టిండ్రు. పెద్దమ్మ కింది ఖోలీ వాళ్లు తాళమేసి ధారావిల చుట్టాల దగ్గరికి పోయిండ్రు. పెద్దమ్మ మాత్రం కదలనన్నది. నాయిన బతిమిలాడి, ఆఖరికి ఆమె పెట్టె తానే ఎత్తుకొని వచ్చి మా ఖోలీల పెట్టిండు. పెట్టె ఎంబడి ఆమె వచ్చింది.

పది అడుగుల ఖోలీల ముగ్గురం, రెండు నెలలు. నన్ను సాకిన మనిషే, కాదనను. కాని సాకించుకునే వయసు నాకు దాటింది. తెల్లారక ముందే లేచి పండ్లకు మిశ్రీ, అంటే కాల్చిన పొగాకు పొడి, రుద్దుకుంట ఖోలీ మూల నీళ్ల మోరీ కాడ ఖాండ్రించేది. నా దువ్వెన దాచేది. రేడియో పెడితే తలనొప్పి అనేది. పనికెల్లి ఆలస్యమైతే గ్యాలరీల నిలవడి పది మంది ఇనేటట్టు అడిగేది. ఊకె, "నా పొయ్యి, నా మోరీ, నా ఖోలీ" అని నస. నేను ఒకటంటే ఆమె నాలుగనేది. నాయిన ఇద్దరి నడుమ గమ్మున తినేసి పోయేటోడు.

వానలు వెలిసినయి. గోడ పడలే. జనానికి ధైర్యమొచ్చింది. "మిస్త్రీ, నీ గోడ ఎప్పుడు పడ్తది? జర ముంగట చెప్పు, కుర్చీలేసుకొని కూసుంటం," అని నాయినను ఆట పట్టించేటోళ్లు. గోదాము ఆయన తన సామాన్లకు అడ్డమొస్తున్నయని కింద రెండు టేకులు తీసేసిండు. నాయిన కొట్లాడి పెట్టిండు. మళ్లీ తీసేసిండు. నాయిన మాత్రం ఒక్కటే మాట చెప్తుండె. "వాన తాగిన సున్నం గోడ వానల పడదు. ఎండినప్పుడు పడ్తది. నీళ్లు పోయినంక లోపల పట్టుకునేది ఏం మిగలది." అక్టోబర్ ఎండ మొదలైంది. పెద్దమ్మ ఖోలీ ముంగట గ్యాలరీల తెల్లటి పొడి, ఊడ్చిన గంటకే మళ్లీ పడేది.

ఒకనాడు సారు పేడాల డబ్బా పట్టుకొని దుకాణానికి వచ్చిండు. పేపర్ ఒప్పుకున్నరట. టైపింగ్ చానా బాగుందని గూడ ఉత్తరంల రాసిండ్రట. మీ ఇంటి సంగతేమైందమ్మా అని అడగలే. నేను పేడా తీసుకోలే. ఆ మంట కడుపుల పెట్టుకొనే ఇంటికి పోయిన.

తెల్లారి ఆ మంట పెద్దమ్మ మీద పడ్డది. ఒక పిల్లగాని థీసిస్‌ల మూడు పేజీలు సరిచూద్దామని ఇంటికి తెచ్చుకొని కిటికీల పెట్టిన. పెద్దమ్మకు సదువు రాదు. పాత కాగితాలనుకొని పొయ్యి అంటిచ్చింది. నాయిన అప్పటికే సైటుకు పోయిండు. నేను ఏమన్ననో అంతా ఇక్కడ రాయలేను. ముసల్దానివన్న, మొద్దువన్న, మా నెత్తి మీద కూసున్నవన్న. ఆమె ఎప్పటి లెక్క నాలుగు మాటలంటదని ఆగిన. ఏం అనలే. చేతులు చీరె కొంగుకు తుడుసుకొని అడిగింది.

"నా ఖోలీకి నేను పోనా బిడ్డా?"

నిజంగ అడిగింది. మెల్లగ, నా ముఖం చూసుకుంట. గోడ సంగతి నాకు తెలిసినంత చాలీల ఇంకెవలకు తెల్వదు. ఆ సున్న కొట్టింది నేనే, తీసింది నేనే.

"పో," అన్న. "ఎవలు పట్టుకున్నరు నిన్ను? పో."

మిశ్రీ డబ్బా, రొట్టెల పెంక తీసుకొని పోయింది. నేను పనికి పోయిన.

ఆ సాయంత్రం, మరుసటి సాయంత్రం నాయిన పొయ్యి బతిమిలాడిండు. కాళ్లు గూడ పట్టుకున్నడు. "నా పొయ్యి మీద నాలుగు రొట్టెలు చేసుకుంట మర్దీ, ఐతారం వస్త తీయ్," అన్నదట. నేను పొమ్మన్నట్టు ఆమె నాయినకు చెప్పలే, నేనూ చెప్పలే. నేను మా తలుపు కాడనే నిలవడ్డ. పొయ్యి పిలవాల్నని ఉండె. పిలిస్తే తగ్గినట్టయితదని ఉండె. ఐతారం నేనే పొయ్యి తీసుకొస్త, అప్పటి దాక ఆమె కోపం గూడ దిగుతది అనుకున్న.

శనివారం పదకొండు గంటలకు, మంచి ఎండల, ఆ మూల మొత్తం దిగిపోయింది. దుకాణంల నాకు చప్పుడు వినబడలే. ఎవలో వచ్చి చెప్తే ఉరికిన. నేను పొయ్యేసరికి నాయిన, జోడీగాళ్లు చేతులతోనే ఇటుకలు తీస్తున్నరు. ఫైర్ బ్రిగేడ్ వాళ్లు జరుగమంటే జరుగుతలేరు. కింది ఖోలీల ఎవలూ లేరు, గోదాము ఆయన చాయకు పోయిండు. పెద్దమ్మ ఒక్కతే ఉండె. రెండు గంటలకు తీసిండ్రు. ప్రాణం లేదు. సున్నంతోని ముఖమంత తెల్లగ ఉండె. నాయిన తన తువ్వాలతోని తుడిసిండు.

మమ్మల్నందర్ని ట్రాన్సిట్ క్యాంపుకు తోలిండ్రు. నాయిన ఇంకో పదకొండేండ్లు బతికిండు. అద్దం మార్చినందుకు తనను తాను తిట్టుకునేది తక్కువ. ఆయనకు ఇంకొకటి అర్థం కాకపోయేది. అన్నం తింటుంటే, బస్సు కోసం నిలవడితే, ఉన్నట్టుండి నన్ను అడిగేటోడు. "మన దగ్గర మంచిగనే ఉండె కదనే. మరి ఎందుకు పోయిందే ఆమె?"

"తెల్వదు నాయిన," అనేదాన్ని.